తూముకు తాళం

"ఆగండి! ఆ గొలుసు ముట్టుకోకండి!"

రూబీ చెరువు గట్టు మీద నుంచే అరిచింది. చెప్పులు బురదలో దిగబడుతుంటే వాటిని అక్కడే వదిలేసి పరుగెత్తింది.

తూము దగ్గర వంగి ఉన్న పెద్దాయన తలెత్తాడు. ఎగ్గట్టిన పంచె, తలకి తువ్వాలు, చేతిలో షట్టరు తిప్పే ఇనుప హ్యాండిలు. షట్టరుకి కొత్తగా చుట్టిన గొలుసునీ, దానికున్న తాళాన్నీ వింతగా చూస్తున్నాడు.

"ఎవరు మీరు?"

"ఆయ్, నేనేనండి," అన్నాడాయన.

రూబీకి కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

నలభై ఇళ్ల ఆ కాలనీకి ఆమె సెక్రటరీ అయి పదిహేను రోజులే అయింది. "ఈసారి ఎవరు చేస్తారు?" అని మీటింగులో అడగ్గానే అందరూ ఫోన్లలోకి తలలు దించేశారు. దించని తల రూబీది ఒక్కటే. అలా దొరికిపోయింది.

దొరికిపోయాక ఊరుకుంటుందా? వీధిలైట్లు ఎవరు చూడాలి, చెత్తబండి ఎవరు పిలవాలి, అన్నీ కనుక్కుని రాసేసుకుంది. ఒక్క మంచినీళ్ల చెరువు దగ్గరే పెన్ను ఆగిపోయింది.

అక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్లే. వేసవిలో కాలువలు కట్టేశాక మళ్లీ వదిలేదాకా కాలనీ గొంతు తడిపేది ఆ చెరువే. మరి దాన్ని చూసుకునేది ఎవరు?

"పంచాయతీ వాళ్లమ్మా," అన్నారు ప్రెసిడెంటు రాజరత్నం మాస్టారు.

"మాకేం సంబంధమండి? మీ అసోసియేషను మనిషేగా చూసేది," అన్నాడు పంచాయతీ గుమస్తా.

"ఏడాదికోసారి ఓ ముసలాయన కనిపిస్తాడు రూబీ," అంది ఎదురింటి లావణ్య. "ఎవరి తాలూకో నేనెప్పుడూ అడగలా. ఎండాకాలం వచ్చేసరికి చెరువు నిండుగా ఉంటోంది కదా, ఇంకెందుకులే అని!"

ఎవరి మనిషీ కాని మనిషి! రూబీకి బుర్ర తొలిచేసింది. వెళ్లి చూస్తే చెరువు ఆరు మెట్లు కిందికి దిగిపోయి ఉంది. తూముకి అవతల చేలకి కాలువ నీళ్లు పారే బోదె, దాని వెంట కనుచూపు మేరా వరిచేలు.

నీళ్లు ఎటు పోతున్నాయో అర్థమైపోయిందనుకుంది. ఆ సాయంత్రమే తాళం కొనుక్కొచ్చింది.

ఇదిగో, ఇప్పుడు మనిషి కూడా దొరికాడు.

"పేరేంటి?"

"ముసలయ్యండి."

"ఎవరి తరఫున వచ్చారు? ఐడీ కార్డుందా?"

"రేషను కార్డుందండి. ఇంటికాడ."

"తూము తిప్పమని మీకెవరు చెప్పారు?"

"చెప్పడానికెవరున్నారమ్మా? తొమ్మిదేళ్ల బట్టి నేనే తిప్పుతున్నాను. ఈయాల్టితో ఆఖరండి, రేపు కాలవ కట్టేత్తారు. తాళం తీయించండి, సాయంత్రానికి పనయిపోద్ది."

"ఏ పని? మా నీళ్లు చేలోకి పెట్టుకునే పనా?"

ముసలయ్య చెరువు వైపు చూశాడు.

"మరి చెరువు సంగతి ఎవరు చూత్తారమ్మా?"

"మేమే. ఇకనుంచి మా నీళ్లు మేమే చూసుకుంటాం. సెక్రటరీని నేనే!"

ఆయన ఆమెని ఎగాదిగా చూశాడు. బురద కాళ్లు, రొప్పుతున్న మనిషి.

"అంటే ఏర్పాటు చేసుకున్నారన్నమాట," అన్నాడు నెమ్మదిగా. "ఆయ్, మంచిదండి. ఇన్నాళ్లకి చెరువుకో దిక్కొచ్చింది."

హ్యాండిలు భుజాన పెట్టుకుని, గట్టున ఉన్న ఆమె చెప్పులు తొక్కకుండా పక్కనుంచి తప్పుకుని వెళ్లిపోయాడు.

"నీళ్ల దొంగ దొరికాడు" అని రూబీ కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఇరవై మంది చప్పట్లు కొట్టారు. మాస్టారు శభాష్ అన్నారు.

మర్నాడు కాలువ కట్టేశారు.

మే నెల సగమైనా కాకముందే కుళాయిల్లోంచి బురద దిగింది. తర్వాత గాలి. చెరువులో మెట్లన్నీ బయటపడ్డాయి. నలభై ఇళ్ల వాళ్లూ రూబీ గేటు ముందే నిలబడ్డారు.

రూబీ స్కూటీ వేసుకుని, కాలువ తూములు చూసే లస్కరు త్రిమూర్తులు దగ్గరికి పరుగెత్తింది.

"కాలనీ వంతు నీళ్లు ఎందుకు వదల్లేదండి?"

"కాలనీకి వంతేటమ్మగారూ?" త్రిమూర్తులు తెల్లబోయాడు. "ఈ బోదె మీద వంతులన్నీ చేలవేనండి. మీవోళ్లు ఎప్పుడన్నా అర్జీ పెట్టుకుంటే కదా! ఎవరో పెట్టారులే అని ఎవరికాళ్లు ఊరుకున్నారు."

"మరి తొమ్మిదేళ్లూ చెరువు నిండిందిగా?"

"నిండేదే. ముసలయ్యగారు మీ తూము ఎత్తి బోదె నీళ్లు లోపలికి నింపేవోరు కదండి. ఈయేడు రావద్దన్నారంటగా?"

లోపలికి!

రూబీ ఫోను మోగుతోంది. తీయలేదు.

"ఇప్పుడు ఒక్కసారి... కొంచెమైనా వదలలేరా?"

"జూనుదాకా చుక్క రాదండి."

"ఆయన్ని తీసుకొస్తాను. ఎక్కడుంటారు? అసలాయన ఎవరి మనిషండి?"

"ఎవరి మనిషీ కాదండి, శివార్లో మూడెకరాలు కౌలుకి చేసుకునే రైతు," అన్నాడు త్రిమూర్తులు. "మీ కాలనీ కట్టిన తొలేడు ఆడోళ్లు బిందెలట్టుకుని నీళ్లకోసం ఆయన గట్టు మీదికొచ్చారంట. అప్పట్నుంచి తన ఆఖరి వంతు ఏటా మీ చెరువుకే తిప్పేసి, చేలో నీళ్లు చాలక తాలు కోసుకునేవోరండి... గింజ గట్టిపడి ఇంటికి నిండు పంట రావడం తొమ్మిదేళ్ల తర్వాత ఈ ఏడేనండి."