కొత్త చాప

కొత్త చాప ఎందుకు పరిచావని అత్త. ఇంటికొచ్చిన మనిషిని కటిక నేల మీద కూర్చోబెడతామా అని కోడలు.

లుబోవా గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఇంట్లో ఇదే రగడ.

అతనికది తలకెక్కలేదు. తెల్లవారితే మసాకా హైకోర్టులో అప్పీలు. నడవలేని పిల్లలకు దాతలు పంపిన చక్రాల కుర్చీలను అమ్ముకున్నందుకు కింది కోర్టు ఐదేళ్ల జైలు వేసింది; ప్రస్తుతం బెయిలు మీద ఉన్నాడు. తప్పు కాదని అతనూ అనడం లేదు. నా పిల్లలు చిన్నవాళ్లు, శిక్ష తగ్గించండి అన్నదొక్కటే అతని పట్టు.

"ఎవరొచ్చారు?" అన్నాడు.

"ఎవత్తో," అంది తల్లి. "నాకన్నా పదేళ్లు చిన్నదే. ఆడదై పుట్టి, పెద్దవాళ్ల ముందు మోకరిల్లాల్సింది పోయి, మోకాలు వంచకుండా కర్రలా నిలబడి పలకరించింది. మీ ఊళ్లో మర్యాద నేర్పరా అని అడిగేశాను."

"వట్టి చేతులతో రాలేదుగా అత్తయ్యా," అంది నకయిజా. పిల్లలెక్కడ అని అడిగిందట. వాళ్ల తలలు నిమిరాకే అరటిగెల దించిందట. చాప వంక ఒకసారి చూసి, కూర్చోకుండానే వెళ్లిపోయిందట.

వంటకు కాయలు కోయబోతే, గెల కాడకు నారతో కట్టిన కాగితం కనబడింది. నకయిజా విప్పి మొగుడి చేతికిచ్చింది.

లాయరు నెల రోజులుగా వెతుకుతున్న కాగితమది. కుర్చీ అందని కుటుంబాల్లో ఒక్కరు క్షమించినా శిక్ష సగానికి దిగుతుందని అతని ధీమా. తిరిగిన ప్రతి ఇల్లూ తలుపేసుకుంది.

లుబోవా పై వరుసలు మనసులోనే చదువుకున్నాడు. చివరిది మాత్రం పైకి చదివాడు.

"ఇతన్ని పిల్లల దగ్గర ఉండనివ్వండి." కింద వేలిముద్ర.

తల్లి చేతులెత్తి దేవుడికి దండం పెట్టింది.

"ఆవిడ ఎటు వెళ్లింది?"

"దిగువకి," అంది నకయిజా. "గేటు పక్కన కూర్చున్న పిల్లను వీపున కట్టుకుని. పద్నాలుగేళ్లుంటాయి. అంత పిల్లను మోయడమేంటో."

అతను టాక్సీల అడ్డా దాకా పరుగెత్తాడు. కాగితంలో ఉన్న ఊరి బండి అప్పుడే కదిలిపోయిందన్నారు.

అరటాకులో ఉడికిన కాయ ముద్ద, వేరుశనగ పులుసు మధ్యలో పెట్టుకుని అందరూ కొత్త చాప మీదే కూర్చున్నారు. లుబోవా ముద్ద ముట్టుకోలేదు.

"రేపు అప్పీలు వెనక్కి తీసుకుంటున్నాను. ఐదేళ్లూ ఉండి వస్తాను."

నకయిజా పిల్లల్ని దగ్గరకు తీసుకుంది గానీ వద్దనలేదు.

"మతి పోయిందిరా నీకు," అంది తల్లి. "చేతిలో కాగితం పెట్టుకుని, మోకాలు వంచడం రాని ఒక మనిషి కోసం జైలుకు పోతావా?"

"వంచితే ఆవిడ మళ్లీ పైకి లేవలేదమ్మా," అన్నాడు లుబోవా. "నేనమ్ముకున్న కుర్చీలో కూర్చోవాల్సిన మనవరాలిని ఐదేళ్లుగా బడికి మోస్తున్నది ఆ మోకాళ్లే."