పేరు చెప్పాలమ్మా

"స్టేషన్లో ఏం చెప్పారో ఇక్కడా అదే చెప్పండమ్మా. ఒక మాట తగ్గకూడదు, ఒక మాట పెరగకూడదు" అన్నాడు ప్రభుత్వ ప్లీడరు.

ప్రసూనాంబ తలూపింది. నందిగామ కోర్టు వరండాలో బల్ల చివర కూర్చుని ఉంది. పక్కన భర్త కుటుంబరావు, జగ్గయ్యపేటలో లెక్కల మాస్టారు. బస్సు దిగినప్పటి నుంచీ ఆమె భుజాల చుట్టూ కప్పుకున్న కొంగు వదల్లేదు.

"వినపడేలా చెప్పండి. గొణిగితే జడ్జిగారు ఊరుకోరు. అడిగినదానికే జవాబు."

"ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు లెండి" అన్నాడు కుటుంబరావు. ప్లీడరు లోపలికి వెళ్లాక గొంతు తగ్గించాడు. "మన ఇళ్లల్లో ఆడవాళ్లు కోర్టు మెట్లెక్కింది లేదు. తొందరగా చెప్పేసి వచ్చెయ్."

మెట్ల దగ్గర కూర్చున్న లూర్దమ్మ లేచి వచ్చింది. ఆమె మొగుడు స్తెఫను ఈ కేసులోనే ఏడాదిగా జైల్లో ఉన్నాడు.

"అమ్మగారూ, మా ఇంటాయన చేతుల్లో గ్లాసులోకి మీరేగా మంచినీళ్లు పోసింది. ఆ చేతులు అట్టాంటి పని చేశాయంటారా?"

ప్రసూనాంబ కాళ్లు బల్ల కిందికి లాక్కుంది. ముఖం ఎత్తలేదు.

"ఏమ్మా, సాక్షితో మాట్లాడకూడదని తెలీదా? అటెళ్లి కూచో" అని బంట్రోతు కసిరాడు. లూర్దమ్మ మళ్లీ మెట్ల దగ్గరికి పోయింది.

నిరుడు మాస్టారింటి పెరట్లో ప్రహరీ గోడకి పునాది తవ్వింది స్తెఫనే. పునాది మూరెడు తన స్థలంలోకి వచ్చిందని పక్కింటి సాంబయ్య గొడవకి దిగాడు. తవ్వుతున్నవాణ్ణి పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టాడు. మర్నాడు సాయంత్రం పునాదికి కట్టిన తాడు పీకేద్దామని వంగితే, వెనక నుంచి గునపం దెబ్బ పడింది. ప్రాణం దక్కింది గానీ కొట్టిందెవరో సాంబయ్య చూడలేదు. చూసింది ఒక్క ప్రసూనాంబ. అప్పుడామె దండెం మీది బట్టలు తీస్తోంది.

ఆ మర్నాడే ఆమెని జగ్గయ్యపేట స్టేషన్‌కి పిలిపించారు. రాసుకునే కానిస్టేబులు మాస్టారి దగ్గర చదువుకున్నవాడు. ఆయనకి వరండాలో కుర్చీ వేశాడు. ఆ కుర్చీ పక్కనే, నేల మీద, స్తెఫనుని కూర్చోబెట్టి ఉన్నారు.

"మీ పేరు?" అన్నాడు కానిస్టేబులు.

"ప్రసూనాంబ."

"భర్త పేరు?"

ఆమె వరండా వైపు చూసింది.

"కుటుంబరావు. రాసుకో నాయనా" అన్నాడు మాస్టారు అక్కడి నుంచే.

"నాకు తెలీదేంటండీ మాస్టారూ! అడగాలి కాబట్టి అడిగా."

ఎస్సై కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "గునపంతో కొట్టిందెవరమ్మా?"

ఆమె మళ్లీ వరండా వైపు చూసింది. "ఆయనేనండి."

ఎస్సై నవ్వాడు. "తల పగలగొట్టినోణ్ణి కూడా ఆయన అంటారేంటమ్మా! మీ ఇంట్లో మర్యాదలు మా పోలీసోళ్లు నేర్చుకోవాలి మాస్టారూ." కానిస్టేబులు వైపు తిరిగాడు. "స్తెఫను అని రాయవయ్యా."

ప్రసూనాంబ నోరు తెరిచింది. అప్పటికే కుటుంబరావు కుర్చీలోంచి లేచాడు.

"అయిందిగా. పద" అన్నాడు.

ఇంటికొచ్చాక ఆమె ఒక్కటే అడిగింది. "నేను అబద్ధం చెప్పలేదు కదండీ?"

"చెప్పావని ఎవరన్నారు?" అన్నాడాయన.

ఆ తర్వాత ఆ మాట ఇంట్లో రాలేదు. పెరట్లో పాక చూరు కింద స్తెఫనుకని విడిగా పెట్టిన గ్లాసు అక్కడే ఉండిపోయింది. ఆమె దాన్ని తియ్యనూ లేదు, పారెయ్యనూ లేదు. అప్పటి నుంచీ బట్టలు ఆరేయడానికి పెరట్లోకి కాకుండా డాబా మీదికి వెళుతోంది.

బంట్రోతు గుమ్మంలోకి వచ్చి ఆమె పేరు మూడుసార్లు కేకేశాడు. ప్రసూనాంబ బోనెక్కింది. కుటుంబరావు వెనక బెంచీ మీద కూర్చున్నాడు.

"కుటుంబరావుగారి భార్య ప్రసూనాంబ మీరేనా?" అన్నాడు క్లర్కు.

"నేనేనండి."

అంతా నిజమే చెబుతానని ప్రమాణం చేయించాడు. ప్రభుత్వ ప్లీడరు లేచాడు.

"ఆ సాయంత్రం సాంబయ్యని కొట్టడం మీరు కళ్లారా చూశారా?"

"చూశానండి."

"కొట్టిందెవరు?"

"ఆయనేనండి."

ప్లీడరు కూర్చోబోయాడు. స్తెఫను తరఫున వచ్చిన వకీలు వైదేహి లేచింది.

"ఆయనే అంటే ఎవరండీ? ఈ హాల్లో ఆయనలు చాలామంది ఉన్నారు."

ఎవరో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. టైపు మిషను ఆగింది.

"ఆయన అని రాసుకుంటే రికార్డుకి పనికిరాదమ్మా. పేరు చెప్పాలి" అన్నారు జడ్జిగారు.

ప్రసూనాంబ కొంగు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"భయపడకండి" అన్నాడు ప్రభుత్వ ప్లీడరు. "స్తెఫను పేరు మీకు తెలుసు కదా?"

"తెలుసండి. పని జరిగినన్నాళ్లూ స్తెఫనూ, స్తెఫనూ అని పిలుస్తూనే ఉన్నాను."

"మరింకేం? చెప్పండి."

ఆమె ఎదుటి బోను వైపు చూసింది. ఏడాదిలో స్తెఫను ముఖం చూడడం అదే మొదలు. అతను చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు. గుమ్మం దగ్గర లూర్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వెనక బెంచీ మీద ఎవరో దగ్గారు. ఆ దగ్గు ఎవరిదో ప్రసూనాంబకి చూడకుండానే తెలుసు.

"చూడమ్మా" అన్నారు జడ్జిగారు. "నువ్వు చూసిన మనిషి పేరు చెప్పడానికి ఏమిటి ఇబ్బంది?"

ఆమె కొంగు వదిలేసి, బోను కర్ర రెండు చేతులా పట్టుకుంది. అందరికీ వినపడేలా చెప్పింది.

"ఆ పేరు నేను పలకకూడదండి."