జానపదం

"జానపదం అని అచ్చులోనే ఉంది కదండీ," అన్నాడు ప్రొఫెసర్ పెరిషిన్, జిరాక్సు కాగితాన్ని నెవెన్కా కతునారిచ్ వైపు జరుపుతూ.

"అచ్చయినంత మాత్రాన నిజమైపోదు," అన్నది నెవెన్కా. కోపం వచ్చినప్పుడు ఆవిడ గొంతు పెరగదు, తగ్గుతుంది.

ఆయన కూర్చిన డాల్మేషియా తీరపు పాటల సంకలనం శుక్రవారం అచ్చుకు వెళుతోంది. బడిపిల్లలందరి చేతుల్లోకీ చేరే పుస్తకం. అందులో 'ఏడో పడవ' పాట కింద 'జానపదం' అని ఉండాలా, లోవ్రే జానినోవిచ్ పేరుండాలా అన్నది ఈ గదిలోనే తేలాలి. లోవ్రేకు డెబ్భై ఆరేళ్లు. రెండో ముద్రణ దాకా ఆగే ఊపిరితిత్తులు కావు ఆయనవి.

"ఏభై ఏళ్ల కిందట కరెంటు గిటారుతో స్ప్లిట్ నగరం కిటికీలన్నీ మూయించినవాడు," అన్నది ఆవిడ. "ఆ తరువాత నలభై మూడు నాటకాలకు సంగీతం కట్టాడు. ఈ పాట 1981లో, జాలరుల నాటకం చివరి రంగానికి కట్టాడు. వాద్యాలు లేకుండా నలుగురు వితంతువులు పాడాలి. ఆయనకు స్వరలిపి రాదు. మేకప్ గదిలో కూర్చోబెట్టి నలుగురు నటీమణులకూ నోటితోనే నేర్పాడు."

"ఆ నలుగురూ ఉన్నారా?"

"ముగ్గురు పోయారు. నాలుగో ఆవిడ కన్నకొడుకునే గుర్తుపట్టడం లేదు."

"అదేనమ్మా నా ఇబ్బంది. నాటకశాల వేసిన ఈ పరిచయ పుస్తిక అట్ట మీద సంగీతం ఆయనదే అని ఉంది, ఒప్పుకుంటాను. కానీ లోపల ఈ ఒక్క పాట కింద 'విస్ ద్వీపపు జానపదం' అని ఉంది. ఎవరైనా ఊరికే అలా ఎందుకు రాస్తారు?"

నెవెన్కా కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"చదువుకున్నవాళ్లు కనుక రాస్తారు. భుజాల దాకా జుట్టు పెంచి, వెలిగించిన సిగరెట్టును గిటారు తీగకు గుచ్చి వాయించేవాడికి ఇంత పాట పుట్టదని ఆ చదువు చెప్పింది. ఏ ద్వీపంలోనో ఏ ముసలమ్మ దగ్గరో ఎత్తుకొచ్చి ఉంటాడని తీర్మానించింది. ఆయన్ను ఒక్క మాట అడగడం కూడా దండగ అనుకుంది."

"ఆ మనిషిని బాగా ఎరిగినట్టున్నారే!"

"ఆ నాటకశాలలో ముప్పై ఏళ్లు పనిచేశాను. అంతా అటువంటివాళ్లే."

ప్రొఫెసర్ నవ్వాడు. "చూడండి, నాకు పెద్ద పెద్ద రుజువులు అక్కరలేదు. ఆ మాట రాసినవారు 'పొరబడ్డాను' అని ఒక్క సంతకం పెడితే చాలు, ఈ సాయంత్రమే మార్పించేస్తాను. మీరు తెచ్చిన జిరాక్సులో చివరి పుట లేదు. పేర్లన్నీ అక్కడే కదా ఉండేది?"

"చివరి పుటలో చేపల డబ్బాల ప్రకటన ఉంటుంది. ఆ రాసినాయన పోయాడు. చాలా ఏళ్లయింది."

"అయ్యో. మరి నన్నేం చెయ్యమంటారు?"

ఆయన లేచి బీరువాలోంచి ఆవిడ రాసిన నాటకరంగ చరిత్ర తీశాడు.

"ఎలాగూ వచ్చారు, దీని మీదైనా ఒక సంతకం పెట్టి వెళ్లండి. ఎనిమిది వందల పుటల్లో ఒక్క తప్పు లేదని మా విద్యార్థులు ఒట్టేసి చెబుతారు."

పెట్టింది. తేదీ కూడా వేసింది.

మెట్లు ఎక్కలేక లోవ్రే రేవు ఒడ్డున కాఫీ హోటల్లోనే ఉండిపోయాడు. ఆవిడ ముఖం చూడగానే నవ్వాడు. నవ్వు దగ్గయింది.

"జానపదమేనా?"

"జానపదమే."

"బాగుంది. రేపు నా శవపెట్టె ముందు కూడా అదే పాడతారు. జనమే కట్టి, జనమే పాడి, జనమే పూడ్చేస్తారు. నడుమ నేనెందుకు?"

"నవ్వకు లోవ్రే. ఒక మనిషి బతుకు మీద ఒక్క మాట గీకేసి, నలభై ఏళ్లు హాయిగా నిద్రపోయారు. సిగ్గులేని మంద!"

పక్క బల్లల దగ్గర పెళ్లివారు గ్లాసులు ఎత్తారు. ఎవరో శ్రుతి ఇచ్చారు. 'ఏడో పడవ' నాలుగు గొంతుల్లో లేచింది. టై వదులు చేసుకున్న పెళ్లికొడుకు తండ్రి ఇటు వంగాడు.

"మీరూ అందుకోండి పెద్దాయనా! మా ముత్తాతల నాటి పాట!"

"మా అమ్మమ్మ కూడా పాడేదయ్యా," అన్నాడు లోవ్రే. కింది గొంతు అందుకున్నాడు.

మూడో చరణంలో పెళ్లికొడుకు తండ్రి చేయి ఊపి ఆపించాడు. "కాదు కాదు, అక్కడ పైకి వెళ్లాలి. పాత పాటండీ, తప్పు పాడకూడదు."

"క్షమించు నాయనా," అని లోవ్రే పైకి వెళ్లాడు.

పెళ్లివారు చర్చి వైపు కదిలాక ఆయన అడిగాడు. "వేరే దారేం లేదన్నాడా మీ ప్రొఫెసరు?"

"ఆ మాట రాసిన మనిషి సంతకం పెడితే చాలన్నాడు."

"మరి?"

"ఆ మనిషి పోయాడు."

లోవ్రే ఆవిడ వైపు చాలాసేపు చూశాడు. చెంచాను కప్పులో ఒకసారి తిప్పి పక్కన పెట్టాడు.

"పోయాడా! పాపం. మంచి మనిషే. చదువు కాస్త ఎక్కువ, అంతే." పంచదార పొట్లం ఆవిడ ముందుకు నెట్టాడు. "తాగు నెవే, చల్లారిపోతోంది."

చేతిరుమాలు కోసం ఆవిడ సంచిలో చేయి పెడితే వేళ్లకు తగిలింది మడతపెట్టిన ఆ చివరి పుట: పైన చేపల డబ్బాల ప్రకటన, అడుగున సన్నని అక్షరాల్లో, 'పుస్తిక రచన, కూర్పు: నెవెన్కా కతునారిచ్.'