వాగవతలి ఇళ్లు

"ఆటలో కూడా మనల్ని ఊరి బయటే పెట్టారు కదరా మీ కంపెనీ వాళ్లు! వాళ్ల చేతులు పడిపోను!"

మెర్లిన్ ఫోన్‌ని మంచం మీదికి విసిరింది. అది తమ్ముడు దేవరాజ్ పనిచేసే కంపెనీ కొత్త ఆట. విడుదలకు ముందు ఆడి చూడమని అతనే ఇచ్చాడు.

"ఏమైందక్కా?"

"ఏమయ్యేదేంటి, చచ్చా. నాలాగా నల్లగా ఉందని మరుగుజ్జుల పిల్లని ఎంచుకున్నా. రాజ్యానికంతా కత్తులు చేసిపెట్టేది వాళ్లేనంట, ఇళ్లు మాత్రం వాగవతల! ప్రాణం పోసే నీళ్ల బావేమో ఊరి నడుమ. అక్కడికి చేరేలోపే నా ప్రాణం పోయింది. ఈ ఊరు గీసినోడెవడ్రా? ఏ ఇంటి బిడ్డో నాకు తెలుసులే. నంబరివ్వు, కడిగేస్తా."

దేవరాజ్ తన చేతుల వంక చూసుకున్నాడు.

"నేనేనక్కా గీసింది."

మెర్లిన్ మంచం మీది ఫోన్‌ని మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"ఎవరన్నా అట్టా గియ్యమన్నారా?"

"ఎవరూ అన్లా. నీ ఇష్టమొచ్చినట్టు ఊరు గియ్యమన్నారు. వాళ్లని వాగు దాటించిందాకా నాకది ఊరులాగే అనిపించలా."

ఆ ఇళ్ల నుంచి బావికి వేసిన దారి, తన చిన్నప్పుడు నాయనమ్మ పున్నమ్మ బిందె పట్టుకుని నీళ్లకు నడిచిన దారే. ఒక్క వంపు కూడా తప్పిపోకుండా గీశాడు. మంచి దారి గీశావని ఆఫీసులో మెచ్చుకుంటే పొంగిపోయాడు కూడా. ఇప్పుడు అక్క ముందు తలెత్తలేకపోయాడు.

మెర్లిన్ కుర్చీని కంప్యూటర్ ముందుకు లాగింది.

"ఏడుపులు తర్వాత. కూర్చో. ఆ ఇళ్లన్నీ పీకి బావి పక్కన పెట్టు. ఇప్పుడే, నా కళ్ల ముందు."