గీత పడని తొడుగు

కళ్ళజోళ్ళాయన కారు కడిగే చేతి తొడుగుని చెంపకి రాసుకుని చూశాడు.

"ఇది గరుకు" అన్నాడు.

కారు సామాన్ల దుకాణదారు ఇంకొకటి తీశాడు. అది చెంపకి హాయిగానే ఉంది గానీ అంచున కుట్టు పైకి తేలింది.

"నా కారుని గీరెయ్యడానికి ఈ దారం చాలు" అని దాన్నీ పక్కన పెట్టేశాడు.

భార్య పక్కనే నిలబడి చూస్తోంది. హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి. ఓపిక ఆవిడకి జీతంతో పాటు వచ్చింది.

ఆయనకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. అద్దం మీద ఎవరికీ కనపడని గీతలు ఆయనకి కనపడతాయి. కారునీ ఆ కళ్ళతోనే చూస్తాడు. నల్ల కారు. కొని ఏడాది కావస్తున్నా ఒంటి మీద చిన్న గీత లేదు. ఇంటికొచ్చిన చుట్టాలెవరైనా దానికి ఆనుకుని నిలబడితే పరుగున కుర్చీ తెచ్చి వేస్తాడు. మర్యాద తెలిసిన మనిషని వాళ్ళు మెచ్చుకుంటూ ఉంటారు.

భార్య డ్రైవింగు నేర్చుకుంటానన్నప్పుడల్లా ఆయనది ఒకటే మాట. "కొత్తది కదా. కాస్త పాతబడనీ."

మొన్న కారుని ఇంటి దగ్గరే వదిలి, ఫ్రేములు కొనడానికి బస్సులో పొరుగూరు వెళ్ళి వచ్చేసరికి, దాని తలుపుల నిండా బురద చిమ్మి ఎండిపోయి ఉంది. వానలు పడ్డాయి మరి. చొక్కా చేతులు మడిచి పాత స్పాంజి అందుకోబోతే భార్యే ఆపింది.

"అది అరిగిపోయిందండీ. దాంతో రుద్దితే ఇంకేమైనా ఉందా? మంచి తొడుగొకటి కొందాం పదండి."

ఇన్నాళ్ళకి ఆవిడకీ కారు మీద మమకారం పుట్టిందని ఆయన పొంగిపోయాడు.

దుకాణదారు ఈసారి లోపలికి వెళ్ళి ఒకటి పట్టుకొచ్చాడు. దాన్నిండా లావుపాటి మెత్తటి పోగులు వానపాముల్లా వేలాడుతున్నాయి.

"మైక్రోఫైబరు సార్. ఈ పోగులు మట్టిని లోపలికి లాక్కుంటాయి. పెయింటు మీద రుద్దుకోనివ్వవు."

కళ్ళజోళ్ళాయన అందులో చెయ్యి దూర్చి కళ్ళు మూసుకున్నాడు. పసిపిల్ల తల నిమిరినట్టుంది.

"దీంతో గీత పడదంటారా?" అని భార్య అడిగింది.

"పడదమ్మా. ముందు నీళ్ళు కొట్టి బురద వదలగొట్టాలి. రెండు బకెట్లు పెట్టుకోవాలి. ఒకటి సబ్బు నీళ్ళకి, ఒకటి తొడుగు జాడించుకోడానికి. గుండ్రంగా రుద్దకుండా పొడుగ్గా ఒకే వైపు లాగాలి."

"అయినా ఎక్కడో ఒక ఇసుక రేణువు ఉండిపోతే?"

"ఉండిపోతే తొడుగు మాత్రం ఏం చేస్తుందమ్మా? పొడుగ్గా గీత పడుతుంది."

"అంటే ఎంత మంచి తొడుగైనా పడొచ్చన్నమాట."

"నా చేతిలో పడదు" అన్నాడు కళ్ళజోళ్ళాయన, బేరమాడకుండా డబ్బిచ్చేస్తూ.

ఆదివారం పొద్దున్నే రెండు బకెట్లూ వాకిట్లోకి వచ్చాయి. నీళ్ళు కొట్టాడు. తొడుగు ముంచాడు. లాగాడు. జాడించాడు. మళ్ళీ ముంచాడు. పెళ్ళికొడుక్కి నలుగు పెట్టినంత శ్రద్ధగా కారు నాలుగు వైపులా తిరిగాడు. ఆఖర్న పొడిగుడ్డతో తుడుస్తూ, కుడి వైపు వెనక తలుపు దగ్గర ఆగిపోయాడు.

పిడి కింద గీత. వెంట్రుక మందం, జానెడు పొడుగు.

కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. గీత అక్కడే ఉంది. బొటనవేలితో రుద్దాడు. పోలేదు. తొడుగుని ఒళ్ళో పెట్టుకుని, తలలో పేలు చూసినట్టు పోగు పోగూ విడదీశాడు. దొరికింది. ఆవగింజలో సగం కూడా లేని ఇసుక రేణువు.

బకెట్టు బోర్లించి దాని మీద కూలబడ్డాడు.

భార్య కాఫీ తెచ్చింది. ఆయన మొహం చూసింది. గీత చూసింది. ఇక సూటిపోటి మాటలు మొదలవుతాయని ఆయన తల దించుకున్నాడు. ఆవిడ పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"పోనిద్దురూ. మనిషన్నాక చెయ్యి తప్పదా?"

"నా చేత్తో నేనే గీశాను."

"కావాలని గీశారా ఏమిటి? కాఫీ చల్లారిపోతోంది."

ఆయన రెండు గుక్కలు తాగాడు. ఆవిడ మంచితనం కాఫీ కంటే వేడిగా గుండెలోకి దిగింది.

"ఇదే నువ్వు చేసి ఉంటే నేనేం చేసేవాణ్ణో తెలుసా?" అన్నాడు.

"తెలుసు. నెల్లాళ్ళు మాట్లాడేవారు కాదు."

ఆయనకి సిగ్గేసింది. ఆ వారమంతా గీత కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. మళ్ళీ ఆదివారం వచ్చేసరికి కారు తాళాలు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

"గీత పడుతుందన్న భయం ఎలాగూ తీరిపోయింది. ఎక్కు, నేర్పిస్తాను."

ఆవిడ డ్రైవరు సీట్లో బుద్ధిగా కూర్చుంది. ఇది క్లచ్చి, ఇది బ్రేకు, ఇది గేరు అని ఆయన విడమరిచి చెప్పాడు. ఆవిడ ఒక్కో మాటకీ తలూపింది. కారు కుదుపు లేకుండా కదిలింది.

"చేపపిల్లకి ఈత నేర్పినట్టుందే" అని ఆయన మురిసిపోయాడు.

"చెప్పేవాళ్ళని బట్టి వస్తుందండీ" అంది ఆవిడ.

కారు మెల్లగా గేటు దాకా వెళ్ళింది. ఆవిడ అద్దంలో చూసుకుంటూ, ఈసారి వెనక తలుపు గేటు గడియని పూర్తిగా దాటాకే స్టీరింగు కుడికి తిప్పింది.