బెంచీ మీద మాట

"మనలో ఒకడు ఆ మాట యజమానులకి చేరవేశాడు," అన్నాడు గార్నెట్, బెంచీ మీద వరసగా కూర్చున్న తన జట్టువాళ్ల ముఖాల్లోకి చూస్తూ.

చలికి అందరి నోళ్లలోంచీ ఆవిరి వస్తోంది.

జీతాల మీద పరిమితికి ఒప్పుకుంటేనే ఐస్ హాకీ ఆడనిస్తామని క్లబ్బుల యజమానులు స్టేడియానికి తాళాలు వేసేశారు. అప్పటి నుంచి కెనడాలోని ఈ విన్నిపెగ్ జట్టు పేటలోని పాత మంచు రింకులో, పేరూ గుర్తూ లేని చొక్కాలు తొడుక్కుని, కాళ్లకి తుప్పు పట్టకుండా చూసుకుంటోంది. ఆటగాళ్ల సంఘం తరఫున చర్చలకి కూర్చునేది గార్నెట్. పరిమితికి చచ్చినా ఒప్పుకోమని టీవీలో గట్టిగా చెప్పిందీ అతనే. కానీ క్రిస్మస్ దాటితే ఇక నిలబడలేమని, దిగిరాక తప్పదని సంఘం లోలోపల అనుకున్న సంగతి మొన్న ఈ బెంచీ మీదే చెప్పాడు. నిన్న సాయంత్రానికల్లా యజమానులు క్రిస్మస్ దాకా ఆటలన్నీ రద్దు చేసేశారు.

"ఊరికే అలా కలిసొచ్చిందేమో," అన్నాడు టోర్బెన్ డోనట్ నములుతూ.

"పండగ ముందు రోజు దాకా, సరిగ్గా? వాళ్లకేం కల వచ్చిందా?"

ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపులు తిరిగి తిరిగి రెమీ దగ్గర ఆగాయి. రెమీ బావమరిది క్లబ్బు ఆఫీసులో పనిచేస్తాడు. గార్నెట్ ఆ మాట చెప్పిన ఆదివారమే ఆ ఇంటి ముందు రెమీ కారు ఉందని ఒకరన్నారు. చీకటి పడేదాకా ఉందని ఇంకొకరన్నారు.

రెమీ స్కేటు తాడు బిగించుకుంటూ తల ఎత్తలేదు. "అతను టికెట్లు అమ్ముతాడ్రా. వాళ్లింట్లో బఠానీ సూప్ తాగాను. అదీ తప్పేనా?"

"సూప్‌తో పాటు ఏం మాట్లాడావు?" అన్నాడు గార్నెట్.

"ఉప్పు తక్కువైందన్నాను." ఇప్పుడు తలెత్తాడు. "నన్నడుగుతున్నావు, ముందు నీ ఇంట్లో కనుక్కున్నావా? నువ్వు నిద్రలో మాట్లాడతావని లెస్యా మొన్నే చెప్పింది."

ఒకరిద్దరు నవ్వబోయి మానుకున్నారు. గార్నెట్‌కి చెవులు వేడెక్కాయి. లెస్యాతో పెళ్లయింది ఈ వేసవిలోనే. ఆ పెళ్లిలో తోడు పెళ్లికొడుకు రెమీయే. గార్నెట్ బామ్మతో డాన్సు చేసి చేసి, ఆవిడ కూర్చుందామంటే కూర్చోనివ్వలేదు. ఇప్పుడు గార్నెట్ నెత్తిమీదున్న ఉన్ని టోపీ లెస్యా అల్లింది. ఒక చెవి పొడుగు, ఒక చెవి పొట్టి. పొద్దున దాన్ని తొడిగి, రెండు చెవులూ పట్టుకు లాగి సమానం చేయబోయి, పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు ఇంకా చెవుల్లో ఉంది. అలాంటి పొద్దుట ఇలాంటి పని పడింది.

ఏం చెయ్యాలో తోచక స్టిక్‌తో ఎదురుగా ఉన్న పక్‌ని, ఆ నల్ల రబ్బరు బిళ్లని, ఒక్కటిచ్చాడు. అది వెళ్లి గోల్‌కీపర్ కాళ్ల సందులోంచి దూసుకుపోయి నెట్‌లో పడింది. జట్టు అసలు గోల్‌కీపర్ లాకౌట్ మొదలవగానే స్వీడన్ క్లబ్బుకి వెళ్లిపోయాడు. అందుకని ఊళ్లో ఆదివారం సరదాకి ఆడే జట్లన్నీ చేసినట్టే వీళ్లూ ఫోన్ చేసి, గంటల లెక్కన రోజూ ఒకణ్ణే అద్దెకి తెచ్చుకుంటున్నారు. ముఖం మీది ముసుగు అతను తీసిందీ లేదు, పేరేమిటని వీళ్లు అడిగిందీ లేదు.

"డబ్బులిచ్చి కంచెకి దిష్టిబొమ్మ తెచ్చుకున్నట్టుంది," అని గొణిగాడు టోర్బెన్.

గార్నెట్ గొంతు సవరించుకున్నాడు. రేపు మళ్లీ చర్చలున్నాయి. ఇంకొక్క మాట బయటికి పొక్కితే ఇన్నాళ్ల పంతం గంగపాలవుతుంది, పరిమితి మెడకి చుట్టుకుంటుంది. అంచేత చర్చలు తేలేదాకా రెమీ ఈ బెంచీ మీదికి రాకపోవడమే మంచిదని, తనకి వేరే దారి కనబడటం లేదని చెప్పాడు. చెప్తున్నంతసేపూ రెమీ వైపు చూడలేదు.

"ఒప్పుకునేవాళ్లు స్టిక్ కొట్టండి."

ఎక్కడో ఒక స్టిక్ టక్కుమంది. దాని పక్కన ఇంకొకటి. టోర్బెన్ డోనట్ పక్కన పెట్టి, మనసొప్పనట్టుగా మంచు మీద మెల్లిగా తట్టాడు. చూస్తుండగా రింకంతా టకటకలాడింది. మామూలుగా ఎవడైనా మంచి గోల్ కొడితే చేసే చప్పుడు అది.

రెమీ స్కేట్లు విప్పి బ్యాగులో వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గార్నెట్ టోపీ పొట్టి చెవిని ఒకసారి లాగి వదిలాడు. "సరిగ్గా మీ పెళ్లి ఫోటోలు వచ్చిన రోజే చేశావురా," అన్నాడు, అంతే.

మర్నాడు పొద్దున హోటల్ మేడ మీద చర్చల గదిలోకి గార్నెట్ తేలిక పడ్డ మనసుతో అడుగుపెట్టాడు. నిన్న రెమీ వెళ్లాక బెంచీ మీద జట్టువాళ్లతో మాట్లాడింది ఒక్క ముక్క కూడా బయటికి పోదని నమ్మకం కుదిరింది. టై లెస్యా కట్టింది, ముడి మీద ఒక ముద్దు కూడా పెట్టింది. యజమానుల వైపు ఈసారి కొత్త లాయర్‌ని పెట్టారు. బూడిదరంగు సూటులో సన్నటి మనిషి. బల్ల దాటి వచ్చి మర్యాదగా చెయ్యి చాపాడు. గార్నెట్ తన పేరు చెప్పబోయాడు.

"మనకి పరిచయాలెందుకండీ," అన్నాడు లాయరు చెయ్యి వదలకుండా. "ఆ రెమీ గారి సంగతికే కాస్త బాధేసింది. మీరందరూ స్టిక్కులు కొడుతుంటే, నెట్ ముందు నేనొక్కణ్ణీ ఊరుకుంటే బాగోదని నేనూ కొట్టాను."