చెవి మిషన్

క్రిస్మస్ పొద్దున కల్పలత కానుకగా తెచ్చిన కొత్త చెవి మిషన్ తీసి తాత చెవిలో పెట్టింది. మెట్టుగూడ ఇంటి వెనక రైలు కూత వినపడగానే, తొంభై దాటిన ఆ మనిషి ఉలిక్కిపడి, వెంటనే బోసి నోటితో నవ్వాడు.

"శాలువాలు మస్తుగున్నయి గదా తాతా. అందుకే ఇది తెచ్చిన. ఇయ్యాల చర్చిల పాటలన్నీ వినొచ్చు."

"మంచిగ వినవడుతున్నది బిడ్డా. జెర ఫోన్ కలుపు. రాహేలమ్మకు హ్యాపీ క్రిస్మస్ చెప్త."

కల్పలత చెయ్యి ఆగిపోయింది.

నాయనమ్మ రాహేలమ్మ ఎండాకాలంలోనే పోయింది. అప్పుడు తాత ఆసుపత్రిలో ఉన్నాడు. నిజం చెబితే తట్టుకోలేడని, కాలు విరిగి బొల్లారంలో మేనత్త ఇంట్లో ఉందని కాగితం మీద రాసి చూపించారు. రోజూ సాయంత్రం స్విచాఫ్ చేసిన ఫోన్ ఆయన చెవికి ఆనించేవాళ్లు. ఏమీ వినపడని తాత తన మాటలన్నీ చెప్పుకుని తృప్తిగా పడుకునేవాడు. కానుక ఎంచుకునేటప్పుడు కల్పలతకు పాటలు గుర్తొచ్చాయి గాని, ఈ ఫోన్ గుర్తు రాలేదు.

"ఛార్జింగ్ లేదు తాతా," అంది, చూపు పక్కకు తిప్పుకుని.

తాత ఆమె ముఖంలోకి చూశాడు. మెల్లగా మిషన్ ఊడదీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఇప్పుడు ఫోనియ్యి బిడ్డా. అది చెవిల ఉంటే మీ నాయనమ్మ నాతోని మాట్లాడదు."